అబ్బా సైకిల్‌కి ఏ రంగు?

ఉక్కునగరంలో మా తమ్ముడి క్వార్టర్ పెరట్లో, నీళ్ళ డ్రమ్ము పక్కన, పాత టార్పాలిన్ కింద మర్హూమ్ అబ్బా సైకిల్ ఆరేళ్ళుగా గోడకి ఆనుకుని ఉండేది. దాన్ని ఎవరూ తొక్కలేదు, ఎవరూ అమ్మలేదు. పాత ఇనుము కొనే అతను రెండుసార్లు గేటు దగ్గర ఆగి అడిగాడు. రెండుసార్లూ అమ్మీ ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

పోయిన డిసెంబర్ సెలవుల్లో మా బిటియా ఆ టార్పాలిన్ తీసి, "అబ్బూ, దాదా సైకిల్ నేను తొక్కొచ్చా?" అని అడిగింది. చక్రం తిప్పి చూసింది. తిరగలేదు. ఆ సవాల్‌కి జవాబ్ చెప్పడానికి అన్నదమ్ములిద్దరం పది రోజులు ఆ పెరట్లో కూర్చున్నాం. మరమ్మతు అనుకుని మొదలుపెట్టిన పని తారీఖ్ పని అయింది. తారీఖ్ అంటే మనకి రెండు మానీలు: తేదీ, చరిత్ర. ఈ సైకిల్‌లో రెండూ దొరికాయి.

పుర్జా పుర్జా విప్పితే

అది హీరో సైకిల్. 28 అంగుళాల చక్రాలు, ఇనుప కడ్డీల బ్రేకులు, వెనక పెద్ద క్యారియర్, నిండు చైన్ కవర్. మన ఇళ్ళలో అందరికీ తెలిసిన పెద్ద సైకిల్. అబ్బా దీన్ని 1983లో కొన్నారు. అప్పటికి ఆయన గాజువాకలో ఒక అద్దె గదిలో ఉండి, స్టీల్‌ప్లాంట్ కట్టే పనుల్లో ఖలాసీగా చేసేవారు. ఖలాసీ మన లఫ్జే. విశాఖ పోర్టులో జనం నోట అది 'కళాసీ' అయింది. బరువులకి తాళ్ళు కట్టి, గొలుసులు వేసి, సైగలతో క్రేన్‌ని నడిపించే పని. తర్వాత ప్లాంట్‌లోనే పర్మనెంట్ అయ్యారు.

నేను అప్పుడు గుంటూరులో దాదీ దగ్గర ఉండి ఉర్దూ మీడియంలో చదువుకునేవాణ్ణి. సెలవులకి మాత్రమే విశాఖ వచ్చేవాణ్ణి. సైకిల్ నేర్చుకున్నది కూడా దాదీ వీధి చివర కిరాయి సైకిళ్ళ దుకాణ్‌లోనే. గంట లెక్కన తీసుకుని, సీటు అందక, ఫ్రేము సందులోంచి కాలు పెట్టి తొక్కేవాళ్ళం. ఆ దుకాణ్ నడిపేది ఒక సాహెబు. అప్పట్లో మన ఊళ్ళలో పంక్చర్లు వేసేవాళ్ళు, చక్రం బెండు తీసేవాళ్ళు, వెల్డింగ్ చేసేవాళ్ళలో ఎంతమంది మనవాళ్ళో గుర్తు చేసుకోండి. వాళ్ళ పేర్లు ఏ కితాబ్‌లోనూ లేవు.

అందుకే ముందు అలాంటి ఒక ఉస్తాద్ దగ్గరికే వెళ్ళాను. గాజువాకలో డెబ్బై దాటిన చాచా. ఆయన మొదట ఒకటే అడిగారు: "షోకేస్‌లో పెట్టడానికా బేటా, సవారీకా?" సవారీకే అన్నాను. "అయితే ముందు రంగు సంగతి మర్చిపో. ఇరుసులు చూడు."

ఇంట్లో ఈ పని చేసుకోవాలనుకునేవాళ్ళకి ఆయన చెప్పింది చెబుతాను. విప్పేముందు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి. ప్రతి నట్టునీ దాని బోల్టుకే తిరిగి పెట్టి డబ్బాల్లో వేరుగా ఉంచండి. బిగుసుకుపోయిన చోట బలం వాడొద్దు. కిరోసిన్ పోసి ఒక రాత్రి వదిలెయ్యండి. పెడల్ కడ్డీని ఇరుసుకి పట్టి ఉంచే చిన్న మేకులాంటి ముక్కని కాటర్ పిన్ అంటారు. దాన్ని సుత్తితో పదిసార్లు కొడితే వంగిపోతుంది. నట్టుని అంచుదాకా వదులు చేసి, కింద చెక్క ఆసరా పెట్టి, ఒక్కసారి సూటిగా కొట్టాలి. ఇరుసుల్లోంచి గోలీలు ఎన్ని వచ్చాయో లెక్క రాసుకోవాలి. ముందు చక్రానికి 32 స్పోకులు, వెనక చక్రానికి 40. బరువంతా వెనకే పడుతుంది కాబట్టి ఆ లెక్క. ఇంగ్లండ్ నుంచి వచ్చిన పాత రోడ్‌స్టర్ సైకిళ్ళదీ ఇదే లెక్క.

జంగు విశాఖలో ఇంకో రకం. ఇనుము, నీళ్ళు, గాలి కలిస్తే ఎక్కడైనా జంగు పడుతుంది. సముద్రపు గాలిలో ఉప్పు కూడా ఉంటుంది కాబట్టి ఇక్కడ అది తొందరగా, లోతుగా పడుతుంది. మడ్గార్డుల అంచులు, పెడల్ ఇరుసు ఉండే గొట్టం కింది భాగం, సీటు రాడ్డు లోపల. ఈ మూడు చోట్లా ముందు చూడాలి. అబ్బా సైకిల్‌కి వెనక మడ్గార్డు తినేసింది. ఫ్రేము మాత్రం గట్టిగా ఉంది.

ఫ్రేము ఎందుకంత గట్టిగా ఉందో రేగ్‌మాల్ పట్టుకుని రుద్దినప్పుడు తెలిసింది. నల్ల రంగు లేచిపోతుంటే కింద జంగు లేదు. ముదురు ఆకుపచ్చ రంగు కనిపించింది. శుభ్రంగా, నున్నగా, దాని మీద సన్నటి బంగారు గీతలతో సహా.

నేను చేతులు ఆపేశాను. నాకు 1993 సంక్రాంతి సెలవులు గుర్తొచ్చాయి. అప్పుడు నాకు పదమూడేళ్ళు. గుంటూరు నుంచి వచ్చేసరికి అబ్బా ఆకుపచ్చ సైకిల్ నల్లగా ఉంది. ఎందుకని అడిగితే, "జంగు పట్టింది బేటా" అన్నారు. ముప్పై ఏళ్ళకి పైగా నేను అదే నిజమనుకున్నాను.

ఆ డిసెంబర్

అమ్మీని అడిగాను. బియ్యం ఏరుతున్న చెయ్యి ఆపకుండానే చెప్పింది.

1992 డిసెంబర్ 6న బాబ్రీ మస్జిద్‌ని కూల్చేశారు. ఆ వారంలో ఒకరోజు డ్యూటీకి వెళ్తూ అబ్బా రోడ్డు పక్కన చాయ్ తాగడానికి ఆగారు. అక్కడ కూర్చున్న ఒక కుర్రాడు ఆకుపచ్చ సైకిల్ చూసి, "పాకిస్తాన్ బండి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. అబ్బా కూడా నవ్వారు. చాయ్ డబ్బులిచ్చి వెళ్ళిపోయారు.

వచ్చే ఆదివారం, కిటికీ గ్రిల్స్‌కి వెయ్యగా మిగిలిన నల్ల ఎనామిల్ డబ్బా తీశారు. బ్రష్ మా పక్కింటి మావయ్య ఇచ్చారు. ఆయన హిందువు, అబ్బాతో ఒకే షిఫ్ట్. బాగున్న రంగు మీద నల్ల రంగు ఎందుకు వేస్తున్నావని అడగలేదు. ఆ నెలంతా తన సైకిల్ అబ్బా సైకిల్ పక్కనే నడిపి, గేటుదాకా కలిసి వెళ్ళి, కలిసి వచ్చారు. దాని గురించి కూడా ఇద్దరూ మాట్లాడుకోలేదు.

"ఎవరూ ఏమీ చెయ్యలేదురా. ఆయనే ఖౌఫ్ పడ్డారు" అంది అమ్మీ. కాసేపాగి, "ఖౌఫ్ కాదు. జిల్లత్ అనిపించిందేమో" అంది.

నేను జర్నలిస్టుని. ఆ డిసెంబర్ గురించి ఎన్నో వ్యాసాలు చదివాను, కొన్ని రాశాను కూడా. మా ఇంట్లో ఆ తారీఖ్ ఒక సైకిల్ మీద రెండు పూతల నల్ల ఎనామిల్‌గా ఉందని తెలియలేదు.

హీరో అనే పేరు ఎవరిది?

ఆ కుర్రాడి మాటకి అబ్బా దగ్గర జవాబ్ లేదు. చరిత్ర దగ్గర ఉంది.

మనం ఈ రోజు సైకిల్ అనుకునే ఆకారం ఇంగ్లండ్‌లో పుట్టింది. దాదాపు సమానమైన రెండు చక్రాలు, వెనక చక్రాన్ని తిప్పే గొలుసు ఉన్న రోవర్ సైకిల్‌ని జాన్ కెంప్ స్టార్లీ 1885లో తయారుచేశాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. మన దేశానికి చాలాకాలం రాలే, హెర్క్యులీస్, బీఎస్ఏ సైకిళ్ళు ఓడల్లో దిగాయి. బొంబాయిలో హింద్ సైకిల్స్ 1939లో మొదలైంది. స్వాతంత్ర్యం తర్వాత మద్రాసు దగ్గర అంబత్తూరులో టీఐ సైకిల్స్, ఆసన్సోల్‌లో సేన్-రాలే, సోనీపత్‌లో అట్లాస్ వచ్చాయి. 1956లో లూధియానాలో హీరో సైకిల్స్ పుట్టింది.

హీరో పెట్టింది ముంజాల్ సోదరులు. వాళ్ళ వతన్ కమాలియా. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్ పంజాబ్‌లో ఉంది. అన్నదమ్ములు 1940లలో అమృత్‌సర్ వచ్చి సైకిల్ విడిభాగాల తిజారత్ మొదలుపెట్టి, బట్వారా తర్వాత లూధియానాలో స్థిరపడ్డారు. ఇక హీరో అనే పేరు సంగతి. ముంజాల్ ఖాందాన్ చరిత్రలో నమోదైన వాకియా ఇది. సైకిల్ సీట్లు చేసే కరీమ్ దీన్ అనే ముస్లిం కారీగర్ తన సరుకుని 'హీరో' అనే పేరుతో అమ్మేవాడు. బట్వారా వేళ ఆయన పాకిస్తాన్ వెళ్ళిపోతుంటే, ఆయన దోస్త్ ఓంప్రకాశ్ ముంజాల్ ఆ పేరు తాము వాడుకోవచ్చా అని అడిగాడు. కరీమ్ దీన్ ఇచ్చి వెళ్ళాడు.

ఒకసారి ఆలోచించండి. సరిహద్దు అవతల వతన్ పోగొట్టుకున్న హిందూ కుటుంబం. సరిహద్దు ఇవతల రోజీ వదిలేసిన ముసల్మాన్. ఇద్దరి మధ్య మిగిలింది ఒక పేరు. ఆ పేరుతో తయారైన సైకిళ్ళు ఎంత పెరిగాయంటే, 1986లో హీరో ప్రపంచంలోనే అత్యధికంగా సైకిళ్ళు చేసే కంపెనీగా గిన్నిస్ బుక్‌లోకి ఎక్కింది. పోస్ట్‌మ్యాన్, పాలవాడు, పంతులుగారు, మౌల్వీసాబ్, ఖలాసీ అందరూ దాన్నే తొక్కారు. ఎవరూ కరీమ్ దీన్ పేరు తెలిసి తొక్కలేదు. ఆకుపచ్చ రంగు కంపెనీ వేసి పంపిందే. కార్ఖానాలో ఆ రంగు వేసినవాడు కొనేవాడి మజ్‌హబ్ చూడలేదు.

ఉక్కు తెలుగు, హక్కు మనది

ఇంకో సంగతి కూడా అమ్మీ చెప్పిన తారీఖ్ పక్కన పెట్టి చూడాలి. అబ్బా ఆ సైకిల్ మీద వెళ్ళి కట్టిన ప్లాంట్‌ని ప్రధాని పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. సైకిల్ నల్లబడింది అదే ఏడాది డిసెంబర్‌లో. మధ్యలో నాలుగు నెలలు.

ఆ ప్లాంట్ ఊరికే రాలేదు. 1966లో ఉద్యమం లేచింది. అక్టోబర్‌లో అమృతరావు విశాఖలో నిరాహారదీక్షకి కూర్చున్నారు. తెన్నేటి విశ్వనాథం లాంటి పెద్దలు ముందు నడిచారు. పోలీసు కాల్పులు జరిగాయి. ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్లాంట్‌ని ప్రకటించారు. 1971 జనవరి 20న శంకుస్థాపన చేశారు. 1982లో రాష్ట్రీయ ఇస్పాత్ నిగమ్ ఏర్పడింది. ఇస్పాత్ అంటే ఉక్కే, అదీ బయటి నుంచి వచ్చి మన భాషల్లో కలిసిన లఫ్జే. 64 గ్రామాలవాళ్ళు భూములిచ్చారు. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ గోదావరి 1990లో వెలిగింది. దానికి ఏడేళ్ళ ముందే అబ్బా సైకిల్ కొన్నారు. అంటే ప్లాంట్ ఉక్కు పుట్టకముందే సైకిల్ పుట్టింది.

ఉద్యమంలో ఊరూరా మోగిన నినాదం మీకు తెలుసు: విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు. తెలుగు డిగ్రీ చదివేటప్పుడు నేను ఈ నినాదాన్ని ప్రాస కోసం మెచ్చుకునేవాణ్ణి. ఈమధ్య దాన్ని విప్పి చూశాను, సైకిల్ విప్పినట్టే. ఉక్కు మన ద్రావిడ మాట. పాతకాలంలో ప్రపంచమంతా మెచ్చిన మన ఉక్కుకి ఇంగ్లీషులో వచ్చిన 'వూట్జ్' అనే పేరు ఈ మాట నుంచే పుట్టిందని పండితులు చెబుతారు. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో ఆ ఉక్కు కొనడానికి ఈరాన్ సౌదాగర్లు అంత దూరం నుంచి వచ్చేవారు. ఇక హక్కు? అది అరబీ 'హఖ్'. ఉర్దూలోకి వచ్చి, తెలుగులోకి వచ్చి, తెలుగుదే అయిపోయింది. ఉక్కు పక్కన హక్కు లేకపోతే ఆ నినాదంలో ప్రాస లేదు. నినాదం ఇచ్చినవాళ్ళు ఏ లఫ్జ్ ఎవరిదని చూసుకోలేదు. చూసుకోవలసిన అవసరం రాలేదు.

ఒక భాషలో మాట కలిసినంత సులువుగా మనిషి కలవడం ఎప్పుడూ జరగదు. అబ్బాకి తన హఖ్ మీద షక్ కలిగింది ఒకే ఒక్క మాటతో. అదీ నవ్వుతూ అన్న మాటతో.

ఇప్పుడు మా తమ్ముడు ఆ ప్లాంట్‌లోనే వైర్ రాడ్ మిల్‌లో పనిచేస్తాడు. మన ప్లాంట్‌లో రేకులు తయారవవు. కడ్డీలు, చువ్వలు, తీగ చుట్టలు తయారవుతాయి. కాబట్టి సైకిల్ ఫ్రేము గొట్టానికి కావలసిన రేకు ఇక్కడ రాదు. స్పోకుకి కావలసిన తీగ మాత్రం ఇలాంటి చుట్టల్లోంచే సాగదీస్తారు. 2021 జనవరి 27న కేంద్రం ప్లాంట్‌లో తన వాటా మొత్తం అమ్మడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. కూర్మన్నపాలెం దగ్గర కార్మికుల దీక్షా శిబిరం వెలిసింది. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించారు. తమ్ముడింట్లో ఇప్పటికీ రాత్రి భోజనాల దగ్గర మాట అటే పోతుంది. హక్కు అనేది ఒకసారి రాసిచ్చేస్తే ఉండిపోయేది కాదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

ఏ రంగు?

ఇక రంగు దగ్గర మాకు ఝగడా వచ్చింది.

తమ్ముడు నల్ల రంగే వెయ్యాలన్నాడు. "అబ్బా తన చేత్తో వేసిన రంగు భాయ్. అది తీసేస్తే ఆయన చేసింది తప్పన్నట్టు కాదా?" ఆ మాటకి నా దగ్గర జవాబ్ లేదు. ఆకుపచ్చ వేస్తే ఏదో ఎలాన్ చేసినట్టు ఉంటుందని వాడి ఇంకో భయం. ఇవాళ్టి రోజుల్లో ఆ భయం పూర్తిగా తప్పని నేనూ అనలేకపోయాను.

అమ్మీ మాత్రం ఒకటే మాట అంది: "ఆయన దుకాణ్‌కి వెళ్ళి, డబ్బులిచ్చి, పసంద్ చేసి కొన్నది ఆకుపచ్చది. నల్లది ఆయన పసంద్ చెయ్యలేదు."

అక్కడితో ఆగిపోయాం. ఆకుపచ్చ డబ్బా తెచ్చాం.

పని ఇలా చేశాం. పాత ఎనామిల్‌లో సీసం ఉండే అవకాశం ఉంది. ఇళ్ళకి వాడే రంగుల్లో సీసం తగ్గించే నియమాలు మన దేశంలో 2016లో గానీ రాలేదు. అందుకే పొడిగా రుద్దొద్దు. తడిపి రుద్దండి, ముక్కుకి మాస్క్ కట్టుకోండి, పిల్లల్ని దూరంగా పంపండి, రాలిన రంగుని కాగితంలో చుట్టి పారెయ్యండి. ముందు గరుకు రేగ్‌మాల్, చివర 400 నంబరుది. తర్వాత గుడ్డతో థిన్నర్ తుడుపు. ఇనుము కనిపించిన చోటల్లా ఆ రోజే రెడ్ ఆక్సైడ్ ప్రైమర్. విశాఖ గాలిలో తెల్లారేసరికి మళ్ళీ జంగు మొదలవుతుంది కాబట్టి రేపు చూద్దామంటే కుదరదు. ప్రైమర్ ఒక రోజు పూర్తిగా ఆరాలి. ఆ తర్వాత ఎనామిల్ పల్చగా రెండు పూతలు, పూతకీ పూతకీ మధ్య ఒక రోజు, సన్నగా ఒక రుద్దు. మంచు ఆరాక ఉదయం పదింటికి మొదలుపెట్టి, మధ్యాహ్నంలోపు ముగించాలి. సముద్రం మీది తేమ సాయంత్రం రంగు మీద పడితే మెరుపు పోతుంది. ముందు భాగంలో ఉండే హీరో బిళ్ళకి కాగితం అంటించి దాచాం. దానికి రంగు తగలనివ్వలేదు.

బంగారు గీతలు మా వల్ల కాలేదు. చాచా వచ్చారు. పొడుగు వెంట్రుకల సన్న బ్రష్ పట్టుకుని, స్కేలు లేకుండా, ఊపిరి బిగబట్టి ఒక్కో గొట్టం మీద ఒక్కో గీత లాగారు. డెబ్బై దాటిన చెయ్యి వణకలేదు. డబ్బులివ్వబోతే, "మీ అబ్బా ఈ సైకిల్ నా దగ్గరే బాగు చేయించుకునేవాడు" అన్నారు. చాయ్ మాత్రం తాగారు. నల్ల రంగు గురించి ఆయనకి తెలుసో లేదో నేను అడగలేదు. మా పక్కింటి మావయ్య అడగనట్టే.

చైన్ కవర్‌ని మాత్రం మేము ముట్టుకోలేదు. దాని మీద అబ్బా బ్రష్ గీతలు ఇంకా కనిపిస్తాయి. కొంచెం వంకర, ఒక చోట కారిన చుక్క. సబ్బునీళ్ళతో కడిగి, మైనం రాసి, అలాగే బిగించాం. తమ్ముడు ఆ పని తనే చేశాడు. పచ్చటి సైకిల్‌కి నల్లటి చైన్ కవర్. చూసినవాళ్ళు రంగు అయిపోయిందా అని అడుగుతారు. అడిగితే చెప్పొచ్చు.

జనవరి మొదటి ఆదివారం మా బిటియా దాన్ని తృష్ణా మైదానం వైపు తీసుకెళ్ళింది. సీటు ఎత్తు, కాళ్ళు సరిగ్గా అందవు. తమ్ముడు వెనక క్యారియర్ పట్టుకుని పరిగెత్తాడు. కొంతదూరం వెళ్ళాక వదిలేశాడు. అమ్మీ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది.

వెళ్ళేముందు ఆ పిల్లకి చాయ్ దుకాణ్ సంగతీ చెప్పాను, కరీమ్ దీన్ సంగతీ చెప్పాను. రెండూ కలిపే చెప్పాలనిపించింది. ఒకటే చెబితే భయం మిగులుతుంది, రెండోది మాత్రమే చెబితే కహానీ అవుతుంది.

మీ ఇళ్ళలో కూడా ఒక టార్పాలిన్ కింద ఏదో ఒకటి ఉండే ఉంటుంది. కుట్టుమిషన్, రేడియో, తాళం పోయిన సందూక్. ఇనుము కొనే అతను మళ్ళీ వచ్చేలోపు ఒకసారి విప్పి చూడండి. పక్కన అమ్మీనో దాదీనో కూర్చోబెట్టుకుని విప్పండి.